సర్కారు వేసిన సొట్ట

శుక్రవారం పొద్దున ముహోంజా వేసుకున్న పథకం చాలా తేలికైనది. మర్నాడు పదింటికి కిసుము పట్నం నుంచి ఒబురు అనే పెద్దమనిషి వచ్చి కారు కొనుక్కుపోతాడు. ఆ డబ్బుతో ఆమె ఖయేగా సంతవీధిలో కుట్టు దుకాణానికి అడ్వాన్సు కట్టి గది తాళంచెవి తీసుకుంటుంది. శనివారం సాయంత్రం దాటితే ఆ గది చెప్పుల వ్యాపారికి పోతుంది. పదకొండేళ్ళుగా మామిడి చెట్టు కింద బట్టలు కుడుతూ, వాన పడ్డప్పుడల్లా మిషను నెత్తిన పెట్టుకుని పరిగెత్తిన మనిషికి నాలుగు గోడలూ ఒక రేకు కప్పూ ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

కారు ముప్పై ఎనిమిదేళ్ళ ప్యూజో. ఆమె భర్త లుంబాసి దాన్ని పన్నెండేళ్ళ కిందట కొన్నాడు. కొన్న రోజు నుంచీ దాన్ని ఒక్కనాడూ ఊరికే ఉండనివ్వలేదు. బురదలో పోవాలని జానెడు ఎత్తు లేపించాడు. పైన ఇనప చట్రం వేయించాడు. ముందు జాలీ తీయించి తళతళలాడేది పెట్టించాడు. సీట్లు మార్పించి చిరుతపులి బొచ్చు తొడిగినవి వేయించాడు. అన్నిటికీ మించి, నొక్కితే కోడెలా రంకె వేసే హారన్ బిగించాడు. ఇవన్నీ ధర పెంచుతాయని అతని నమ్మకం. అందుకే ఫోనులో ఒక్కొక్కటే గర్వంగా చెప్పాడు.

"సీట్లు చూస్తే మీరు దిగరు సారూ! చిరుతపులి బొచ్చు."

"తీసేయించు," అన్నాడు ఒబురు.

"జానెడు ఎత్తు లేపించాను."

"దింపించు."

"హారన్ అయితే..."

"చూడు నాయనా, నేను పాత కార్లు కొనేది నీ సరదాలు చూడటానికి కాదు. ఫ్యాక్టరీ నుంచి ఎలా దిగిందో అలా ఉంటే రెండు లక్షల యాభై వేల షిల్లింగులు. నువ్వు తగిలించింది ఏదైనా కనిపిస్తే ఒక్కోదానికి ఇరవై వేలు కోత."

లుంబాసి ఫోను పెట్టేసి గడప మీద కూలబడ్డాడు. "ఖర్చు పెట్టిన కొద్దీ ధర పెరగాలి గానీ తగ్గడమేంటి?"

"నీ ముచ్చటకి పక్కవాడు డబ్బు కడతాడా, ఖసోవా నాన్నా?" అంది ముహోంజా. "లే. పాత సామాన్లు ఎక్కడ పడేశావో చెప్పు."

పడేయలేదు. ఊరంతా పంచాడు. పాత జాలీ వాళ్ళ కోళ్ళ గూటికి కిటికీ అయింది. దాన్ని ఊడదీయగానే పధ్నాలుగు కోళ్ళు వంటింట్లోకి కాపురం మార్చాయి. ముందు సీటు లుంబాసి తల్లి కూర్చునే కుర్చీ అయింది. ఆవిడ లేవనంది.

"తొమ్మిదేళ్ళుగా నా నడుము దీనికి అలవాటు పడింది. నన్ను కూడా కలిపి అమ్మేయరా!"

చివరికి చిరుతపులి సీటు బదులుగా ఇచ్చాకే లేచింది. దాని మీద కూర్చుని రెండు చేతులూ చాపి, "ఇన్నాళ్ళూ ఇది కారుకి పెట్టి, నాకు ఆ గట్టిది పెట్టావా?" అని కొడుకును నిలదీసింది.

ఖయేగా మెకానిక్ ఇంటికే వచ్చి మధ్యాహ్నానికల్లా కారును కిందికి దించాడు. చట్రం విప్పేశాడు. మిగిలింది హారన్ ఒక్కటే. అసలు హారన్‌ను లుంబాసి చర్చికి కానుకగా ఇచ్చాడు. గంట కొనే స్తోమత లేక ఆదివారం ఉదయం దాన్ని బ్యాటరీకి తగిలించి మోగిస్తున్నారు. లుంబాసి వెళ్ళి అడిగితే పాస్టరు కళ్ళద్దాల మీంచి చూశాడు.

"దేవుడికిచ్చింది వెనక్కి అడుగుతున్నావా, లుంబాసీ?"

"అడగట్లేదు పాస్టరుగారూ. ఊరికే ఎలా ఉందో చూసిపోదామని వచ్చా," అని అతను వట్టి చేతులతో తిరిగొచ్చాడు.

"ఇప్పుడెలా?" అంది ముహోంజా. "రేపు శనివారం. ఎద్దులు కుమ్ముకునే పందెం రోజు."

కారుకున్న ఆ రంకె హారన్ విని నిరుడు ఒక కోడె సోడా కొట్టులో దూరింది. అప్పటి నుంచి శనివారం పందేలు ముగిసేదాకా దాన్ని మోగించకూడదని ఊరిపెద్ద కట్టడి చేశాడు.

"ఆయనొచ్చేది పదింటికి. ఎనిమిదిన్నరకల్లా ఎద్దులు ఇళ్ళకు పోతాయి," అన్నాడు లుంబాసి. "హారన్ ఎవరు చూస్తారే?"

ఒబురు మాత్రం ఎండ ముదరకముందే పని ముగించుకుందామని ఏడింటికే వచ్చేశాడు. నల్ల కోటు తొడుక్కుని, మోకాళ్ళ మీద వంగి, చక్రాల కింద టార్చి వేసి చూశాడు. జాలీ తట్టాడు. సీటు వాసన చూశాడు. అక్కడ కొంచెం ముసలావిడ ముక్కుపొడి వాసన వచ్చింది గానీ అది ఫ్యాక్టరీదేననుకున్నాడు కాబోలు, తల ఊపాడు.

"బాగుంది. ఒకసారి నడిపి చూస్తా."

"టీ తాగండి సారూ. చిలగడదుంపలు ఉడికిస్తున్నా. తొమ్మిదింటికి నడుపుదురుగాని," అంది ముహోంజా.

"కారు కొనడానికొచ్చానమ్మా, దుంపలకు కాదు."

ముగ్గురూ ఎక్కారు. ముహోంజా వెనక సీట్లోంచి ముందుకు వంగి, వీలైనంత మామూలుగా, "హారన్ మాత్రం కొట్టకండి సారూ," అంది.

ఒబురు అద్దంలోంచి ఆమెను చూశాడు. "ఎందుకు? పనిచెయ్యదా?"

"చేస్తుంది. బాగా చేస్తుంది."

"పనిచేస్తే కొట్టొద్దంటారా?" అన్నాడు ఒబురు.

సందు మలుపు తిరిగేసరికి కింద ఏదో గరగరమంది. బండ్లు తిరిగి తిరిగి దారి మధ్య మట్టి దిబ్బలా లేచి ఉంది. ఎత్తులో ఉన్నప్పుడు ఆ కారు దాన్ని పన్నెండేళ్ళు దాటింది. దించేసరికి పొట్ట దిబ్బ మీద ఆనింది. ఒబురు ముందుకు పోనిచ్చాడు, వెనక్కి పోనిచ్చాడు. చక్రాలు తిరిగాయి, కారు కదల్లేదు.

అప్పుడే ఎదురుగా డోళ్ళ మోత వినిపించింది. ఈలలు, ఆకులూపుతూ గంతులేసే జనం, వాళ్ళ మధ్య ఆ ఊరి షిమోలి గారి కోడె. దాని పేరు సర్కారు. మూడేళ్ళుగా ఆ చుట్టుపక్కల దానికి ఓటమి లేదు. ఆ రోజు కూడా ఎదుటి ఎద్దు తోక తిప్పి పారిపోతే, గెలిచి ఇంటికొస్తోంది.

"వీళ్ళను తప్పుకోమనాలి. హారన్ సంగతీ తేలుతుంది," అని ఒబురు అరచేత్తో నొక్కాడు.

కారు రంకె వేసింది.

డోళ్ళు ఆగిపోయాయి. జనం దారికి రెండు వైపులా మొక్కజొన్న చేలల్లోకి దూకారు. సర్కారు ఒక్కటే దారి మధ్యన నిలబడి, కారును తేరిపార చూసి, కాలితో మట్టి గీరింది.

"సారూ, మళ్ళీ కొట్టకండి!" అన్నాడు లుంబాసి.

ఒబురు కంగారులో మళ్ళీ కొట్టాడు.

సర్కారు వచ్చి గుద్దింది. జాలీ లోపలికి పోయింది. ఒక దీపం పగిలింది. రెండోసారి గుద్దితే ముందు మూతకు బేసినంత సొట్ట పడింది. ఒబురు స్టీరింగును కావలించుకుని, "ఈ సొట్టకి నలభై వేలు కోత. జాలీకి ఇరవై," అన్నాడు.

ముహోంజా కళ్ళ ముందు చెప్పుల వ్యాపారి తన గదిలో చెప్పులు వరసగా పేర్చుకుంటున్నాడు.

సర్కారు మూడోసారి నుదురు ఆనించి తోసింది. పొట్ట దిబ్బలో దిగబడ్డ కారు వెంట్రుకవాసి కూడా వెనక్కి జరగలేదు. సర్కారు ఆగి, రొప్పి, పక్కకు చూసింది. తర్వాత మెల్లగా వెనుదిరిగి ఇంటి దారి పట్టింది.

వెన్ను చూపిన ఎద్దు ఓడినట్టే. అందులో ఆ ఊళ్ళో రెండో మాట లేదు.

"ప్యూజో గెలిచింది!" అని చేలోంచి ఎవరో అరిచారు. డోళ్ళు మళ్ళీ మోగాయి. జనం కారు చుట్టూ గంతులేశారు, దాని మూతికి ఆకులు కట్టారు. ఒబురు అద్దం దించి, "నాకీ కారు వద్దు!" అన్నాడు. ఆ గోలలో అది లుంబాసికి వినిపించలేదు గానీ ముహోంజాకు స్పష్టంగా వినిపించింది.

అంతలో షిమోలి చెమటలు తుడుచుకుంటూ లుంబాసి వైపు కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఎంతకిస్తావు, బావా?"

"నీకెందుకు షిమోలీ, నీకు డ్రైవింగే రాదుగా?"

"నా సర్కారును ఓడించింది ఇంకొకడి వాకిట్లో ఉంటే నేను సంతలో తలెత్తుకు తిరగ్గలనా? అవతలి ఊరివాళ్ళకు కబురు అందేలోపు చెప్పు. మూడు లక్షలు."

లుంబాసి నోరు తెరిచాడు. ఏం మాట్లాడి చెడగొడతాడోనని ముహోంజా వెనక నుంచి అతని భుజం గిల్లింది.

"మూడు లక్షల ఇరవై వేలు, అన్నయ్యా," అంది. "మధ్యాహ్నంలోపు చేతికివ్వాలి."

"ఇస్తా. ఆ చట్రం, ఎత్తు, తళతళలాడే జాలీ అన్నీ మళ్ళీ పెట్టించాలి. హారన్ అస్సలు తియ్యకూడదు. ఇంకో మాట, ఆ సొట్ట మీద ఎవడైనా సుత్తి వేశాడో, బేరం లేదు."

మూడు గంటలకు ముహోంజా గది తాళం తెరిచి మిషను లోపల పెట్టింది. లుంబాసి గుమ్మంలో నిలబడి, పన్నెండేళ్ళ తన శ్రమ ఊరికే పోలేదని వచ్చేపోయేవాళ్ళకు చెప్పుకున్నాడు.

ఆ కారుకు ఇన్నేళ్ళలో జరిగిన మార్పులన్నిటిలోకీ ధర పెంచింది ఆ సొట్ట ఒక్కటే, అది ఒక్కటే అతను చేయించనిది.