పది గట్టి లాగుళ్ళు, ఒక చుక్క

నీళ్ళ మీద పడవ నడపడమంత అనాగరికమైన పని ఇంకొకటి లేదు!

మీరే ఆలోచించండి. నీళ్ళలో తెడ్డు వేస్తే పడవ కదులుతుంది. కదిలిన పడవ ఎక్కడికో అక్కడికి చేరుతుంది. చేరినవాడు దిగి తన దారిన తాను పోతాడు. పోయినవాడి వల్ల ఎవరికేం లాభం? అదే రోయింగ్ మిషన్ చూడండి! నాలుగు గోడల మధ్య ఒక ఇనప పట్టా, దాని మీద ముందుకీ వెనక్కీ జారే పీట, చేతిలో గొలుసు కట్టిన కర్ర. నలభై నిమిషాలు లాగినా మనిషి ఎక్కిన చోటే ఉంటాడు. మర్నాడు వెతుక్కోనక్కర్లేదు. యాజమాన్యాలు తరతరాలుగా కలలు కంటున్న ఉద్యోగి ఇతడే కదా!

ఈ సత్యాన్ని కనిపెట్టిన మహానుభావుడు ఒక అచ్చాఫీసు మేనేజరు. దాని ఫలం అనుభవించిన పుణ్యాత్ములు ఆ ఆఫీసు ప్రూఫ్‌రీడరు. ఆయనకు జరిగింది చెబుతాను, వినండి. విన్నాక మీ ఆఫీసులో ఇలాంటి మిషన్ లేదే అని కుళ్ళుకోకపోతే నన్నడగండి.

ప్రూఫ్‌రీడరును ఆఫీసులో అందరూ కామాగారు అంటారు. ఏమడిగినా ఒక్క క్షణం ఆగిగాని జవాబు చెప్పరు. "భోంచేశారా?" అన్నా ఆగుతారు. చేశానో లేదో సరిచూసుకుని, అప్పుడు చెబుతారు.

ఆ అచ్చాఫీసులో కథలూ నవలలూ అచ్చుకావు. మందు డబ్బాల్లో ఎనిమిది మడతలు పెట్టి కుక్కే కాగితాలు ఉంటాయి చూడండి, అవి అచ్చవుతాయి. చీమ తలకాయంత అక్షరాలు. ఏ వయసుకి ఎంత మందు, రోజుకి ఎన్నిసార్లు, ఎక్కువైతే ఏమవుతుంది. లోకంలో ఎవ్వరూ చదవని సాహిత్యం! ఇరవై రెండేళ్ళుగా కామాగారొక్కరే దానికి రసజ్ఞ పాఠకులు.

ఒక్కరే అంటే తప్పు. నిరుటి దాకా ఇద్దరు. ఆయన బల్లకి ఎదురుగా పిన్నిగారు కూర్చునేవారు. ఆవిడ ఎవరికీ పిన్ని కాదు, అందరికీ పిన్నిగారే. మందుల కంపెనీ పంపిన అసలు ప్రతిని ఆవిడ పైకి చదివేవారు. "సున్నా, చుక్క, అయిదు, మిల్లీలీటర్లు, కామా." ఆయన అచ్చు కాగితం మీద పెన్సిలు నడిపేవారు. చెవీ కన్నూ కలిస్తేనే సంతకం. రోజుకి పద్దెనిమిది కాగితాలు.

పిన్నిగారు రిటైరయ్యారు. పూలగుత్తి ఇచ్చారు, ఫొటో తీశారు, మర్నాడు ఆవిడ బల్ల ఎత్తుకుపోయారు. మూడు నెలలు ఆ చోటు బోసిగా ఉంది. నాలుగో నెలలో అక్కడికి రోయింగ్ మిషన్ వచ్చింది. పై ఆఫీసు వారి ఆరోగ్య పథకమట! ఏ బ్రాంచి ఎక్కువ కిలోమీటర్లు లాగితే ఆ బ్రాంచికి కప్పట!

"మనిషి కావాలని అర్జీ పెడితే మిషన్ వచ్చిందేమిటి సార్?" అన్నారు కామాగారు, ఆగి ఆగి.

"మనిషొస్తే మీకు సాయం చేసేది ఒక్కరే కదండీ! మిషనొస్తే మీరొక్కరే ఇద్దరవుతారు!" అన్నాడు మేనేజరు.

లెక్క తిరుగులేనిది. కామాగారు చొక్కా చేతులు మడిచి పీట ఎక్కారు. మిగతా సెక్షన్ల వాళ్ళు తమకి మోకాళ్ళనీ మెడనొప్పనీ తప్పించుకోగా, మిషన్ పక్కనే కూర్చున్న పాపానికి బ్రాంచి పరువంతా ఆయన నడుము మీద పడింది. ఆ నడుముకి యాభై మూడేళ్ళు.

సోమవారం సోమవారం ఒక కోచ్ అమ్మాయి వచ్చేది. నిజం పడవలు నిజం నీళ్ళ మీద నడిపిన పిల్ల. మాట తక్కువ, భుజం గట్టి.

"నలభై నిమిషాలూ తేలిగ్గానే లాగండి మాస్టారూ," అంది. "నాలుగు నిమిషాలకోసారి మాత్రం పది లాగుళ్ళు గట్టిగా. దాన్ని పవర్ టెన్ అంటాం. పది అవగానే మళ్ళీ తేలిక. గట్టి పదీ ఉప్పులాంటివి. కూరంతా తేలిక లాగుళ్ళే."

కామాగారికి ఆ మాట నచ్చింది. వాక్యంలో ఒత్తి పలికే మాట ఒక్కటే ఉండాలని ఆయనకి తెలియదా? వారం పది రోజుల్లో లాగుడు లయ పట్టుబడింది. ఒంట్లో హాయిగా కూడా ఉంది. అబద్ధమెందుకు, మిషన్‌లో ఏ దోషమూ లేదు.

దోషం తెర చూసేవాడి కళ్ళలో ఉంది. మిషన్‌కి ఒక చిన్న తెర ఉంటుంది. దాని మీద గీత. గట్టిగా లాగినప్పుడు కొండ, తేలిగ్గా లాగినప్పుడు మైదానం. ఒకనాడు మేనేజరు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ గీతని తీక్షణంగా చూశాడు.

"ఇక్కడ ఇంత ఎత్తుకి వెళ్ళారే! అంటే వెళ్ళగలరన్నమాట. మరి మిగతా చోట్ల ఈ పల్లాలేమిటి?"

"అదే అసలు సాధన సార్. అక్కడ ఊపిరి కూడదీసుకుంటారు," అంది కోచ్.

"ఊపిరి కూడదీసుకోడానికి ఇంటి దగ్గర సోఫా లేదా?"

ఆహా! ఎంత సూటి ప్రశ్న! పది అడుగులు పరుగెత్తగలిగినవాడు మిగతా దారంతా నడిచాడంటే అది దొంగతనం కాక మరేమిటి? కుండపోతగా కురవగలనని ఒకసారి రుజువు చేసుకున్న వానకి, ఆ తర్వాత తుంపర్లు రాల్చే హక్కు ఎక్కడిది? చెప్పాపెట్టకుండా చుట్టాలు దిగితే గంటలో పదిమందికి వండిన ఇల్లాలు, మర్నాడు ఇద్దరికి వండడానికి అదే గంట తీసుకుంటే ఊరుకుంటామా? మనమంతా ఊరుకున్నాం! అందుకే ఇలా ఉన్నాం!

మేనేజరు ఊరుకోలేదు. ఒక విజిల్ కొన్నాడు. మొదటి వారం గంటకోసారి విజిల్ ఊదితే, కామాగారు నాలుగు కాగితాలు పవర్ టెన్ వేగంతో చదవాలి. రెండో వారం కాగితాల లెక్కకి కూడా మిషన్ తెర మీదిలాంటి గీత గీశాడు. కొండలు కనిపించాయి. మూడో వారానికి మైదానాలన్నీ పూడ్చేశాడు. రోజుకి నలభై కాగితాలు! మిషన్ మీద కూడా అంతే, నలభై నిమిషాలూ కొండే. ఇక విజిల్‌తో పనిలేకపోయింది. దాన్ని సొరుగులో పెట్టాడు.

కామాగారు ఆగడం మానేశారు. "భోంచేశారా?" అంటే "చేశాను" అని ఠక్కున చెప్పేవారు. అన్నం డబ్బా మాత్రం విప్పకుండానే బ్యాగులో ఉండేది.

ఆయన భార్య పిల్లల ఆసుపత్రిలో నర్సు. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి ఆయన నడుముకి మందు రాస్తూ, "మీరు పడవెక్కినట్టు లేదు, పడవే మీ మీద ఎక్కినట్టుంది," అంది.

"మన బ్రాంచి రెండో స్థానంలో ఉంది తెలుసా?"

"నడుమెన్నో స్థానంలో ఉందో అది చూసుకోండి ముందు. సరే గానీ, కాగితాలు సరిగ్గానే చదువుతున్నారా?"

"ఆఁ, చదువుతున్నా."

రాస్తున్న చెయ్యి ఆగిపోయింది. పాతికేళ్ళ కాపురంలో ఆయన ఆగకుండా చెప్పిన జవాబు ఆమె అదే మొదటిసారి వినడం.

"చూడండి," అంది మెల్లిగా. "అంకె తప్పితే మీ ఆఫీసుకి ఉత్తరం వస్తుంది. మా వార్డుకి పిల్ల వస్తుంది."

ఆ మాట నడుం నొప్పి కంటే లోతుకి దిగింది. అయినా మర్నాడు మళ్ళీ నలభై చదివారు. ఏం చేస్తారు? ఎదుటి కుర్చీ ఉంటే కదా, సందేహమొస్తే తలెత్తి అడగడానికి!

తర్వాతి సోమవారం మేనేజరు ఏదో మీటింగుకి వెళ్ళాడు. కోచ్ వచ్చేసరికి కామాగారు పళ్ళు బిగించి, మొహం కందగడ్డ చేసుకుని లాగుతున్నారు.

"ఆపండాపండి! మొత్తం ఇలా లాగమని ఎవరు చెప్పారు?"

ఆయన మేనేజరు గది వైపు కనుబొమ్మతో చూపించారు.

"ఆయన లేరుగా. తేలిగ్గా లాగండి. లాగుతూ మాట్లాడగలగాలి. రొప్పు లేకుండా మాటొస్తే సరిగ్గా లాగుతున్నట్టు. ఏదైనా చెప్పండి."

"ఏం చెప్పనమ్మా?"

"మీ నోటికేదొస్తే అది."

ఇరవై రెండేళ్ళు మందు కాగితాలు చదివిన నోటికి ఏమొస్తుంది? పద్యాలొస్తాయా? పొద్దున్న సంతకం పెట్టి పంపిన కాగితమే వచ్చింది. ఆయన ఒక్కో లాగుడుకీ ఒక్కో ముక్క చెప్పడం మొదలుపెట్టారు.

"చంటిపిల్లల జ్వరానికి చుక్కల మందు. సీసాను బాగా కుదపవలెను. ఆరు నెలల లోపు వారికి అయిదు మిల్లీలీటర్లు. రోజుకి మూడుసార్లు. అంతకు మించి..."

పీట ఆగిపోయింది. చేతిలో కర్ర జారి, గొలుసు గిర్రున లోపలికి పోయింది.

"ఏమైంది మాస్టారూ? నొప్పా?"

"అయిదు కాదు," అన్నారు కామాగారు.

"ఏది?"

"సున్నా, చుక్క, అయిదు."

చుక్కల మందు కాగితంలో చుక్క పోయింది! దాంతోపాటు ముందున్న సున్నా కూడా. అర మిల్లీలీటరు వెయ్యాల్సిన చోట అయిదు. పదింతలు! పొద్దున్న పవర్ టెన్‌లో పరుగెత్తిన కన్ను దాని మీదుగా దూకేసింది. ఇప్పుడు తన గొంతు తన చెవినే పడేసరికి చెవి పట్టుకుంది.

ఆయన లేచి ఫైలు తీశారు. అసలు ప్రతిలో చుక్క ఉంది. అచ్చు ప్రతిలో లేదు. దాని కింద తన సంతకం ముత్యంలా ఉంది.

ఇంక చెప్పులు వెతుక్కోలేదు. మూడంతస్తులు మేజోళ్ళతోనే దిగారు. పెరట్లో కాగితాలెక్కించిన వ్యాను తలుపులు మూసేశారు. ఇంజను ఆడుతోంది. కామాగారు బానెట్ మీద రెండు చేతులూ వేసి, అలాగే వ్యాను ముందు అడ్డంగా కూర్చుండిపోయారు.

డ్రైవరు హడలిపోయి దిగాడు. "ఏంటి మాస్టారూ! ఒక్క ఫోన్ కొడితే ఆగనా?"

"నీ నంబరు వెతుక్కోవాలని తోచలేదయ్యా. దింపెయ్, అన్నీ దింపెయ్."

"గేటు పాసు అయిపోయిందండీ. మీ సంతకం కూడా ఉంది."

"ఆ సంతకమే తప్పు," అన్నారు ఆయన.

అరవై వేల కాగితాలు వెనక్కి వచ్చాయి. కామాగారు ఆ సాయంత్రమే దాపరికం లేకుండా రాసిచ్చారు. తప్పు నాదే, ఈ వేగంతో చదివితే మళ్ళీ జరుగుతుంది, పైకి చదవడానికి ఎదురుగా రెండో మనిషి కావాలి, అని. ఉద్యోగం పోతుందనే అనుకున్నారు. సొరుగులో సొంత సామాను సంచిలో సర్దేసుకున్నారు కూడా.

ఉద్యోగం పోవడమా! పై ఆఫీసుకి మేనేజరు పంపిన నివేదిక చూడండి. 'రోయింగ్ శిక్షణ ఫలితంగా మా ఉద్యోగి యాభై మూడేళ్ళ వయసులో మూడంతస్తులు నలభై సెకన్లలో దిగి, సంస్థ పరువు కాపాడెను.' పై ఆఫీసు పొంగిపోయింది. మేనేజరుకి ప్రశంసాపత్రం. కామాగారికి మెమో. ఇక, రెండో మనిషి కావాలన్న అర్జీని కూడా పై ఆఫీసు సానుభూతితో పరిశీలించింది.

రెండో రోయింగ్ మిషన్ పంపింది.

"జోడీ కావాలన్నారుగా!" అన్నాడు మేనేజరు, చేతులు రుద్దుకుంటూ.

కామాగారు వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు. అసలు ప్రతి తీశారు. పిన్నిగారు చదివినట్టే, చుక్కా కామా విడవకుండా, గొంతెత్తి చదవడం మొదలుపెట్టారు. అది అయ్యాక అచ్చు ప్రతి తీసి మళ్ళీ మొదటినుంచీ. నోరూ ఆయనదే, చెవీ ఆయనదే.

మేనేజరు గదికీ ఆయన బల్లకీ మధ్య ఉన్నది పలచని చెక్క గోడ. అవతల ఫోనులో పై ఆఫీసు. "అవునండీ, మా బ్రాంచి ఆరోగ్యం..." అంటాడు మేనేజరు. "మలబద్ధకం, కామా, వాంతులు, కామా, అరుదుగా మతిభ్రమణం, ఫుల్‌స్టాప్!" అంటుంది గోడ. "వాపు కనిపించినచో వెంటనే వాడుట ఆపవలెను!"

మూడు రోజులు ఓర్చుకున్నాడు పాపం. నాలుగో రోజు మధ్యాహ్నం తలుపు తోసుకుని వచ్చాడు.

"కాస్త మెల్లగా చదవండి బాబూ, మీకు పుణ్యముంటుంది!"

కామాగారు ఆగారు. ఎన్నాళ్ళకో ఆగారు.

"ఆ మాట రాసిస్తారా సార్?"

"దీనికి రాసివ్వడమేమిటండీ?"

"పై వాళ్ళు అడిగితే చూపించాలి కదా సార్."

ఫోను మళ్ళీ మోగుతోంది. మేనేజరు పవర్ టెన్ వేగంతో రాశాడు, పవర్ టెన్ వేగంతో సంతకం గీశాడు, తిరిగి చదువుకోకుండా ఇచ్చేసి పరుగెత్తాడు. 'ప్రూఫులు మెల్లగా చదవవలెను.'

కామాగారు దాన్ని రెండుసార్లు సరిచూసి, తేదీ వేసి, ఒక నకలు ఫైలులో పెట్టి, అసలు దాన్ని గోడకి అంటించారు. ఆ రోజు నుంచీ కాగితాలు మళ్ళీ పద్దెనిమిది. తాను గొంతు గురించి అన్న మాట వేగానికి తగిలిందని మేనేజరుకి వారం తర్వాత వెలిగింది. వెలిగి ఏం లాభం? రద్దు చెయ్యాలంటే 'త్వరగా చదవవలెను' అని రాసి సంతకం పెట్టాలి. అరవై వేల కాగితాలు వెనక్కి వచ్చిన ఆఫీసులో ఆ సంతకం పెట్టే మగాడెవడు?

చూశారా మిషన్ మహిమ! ఒక పసిబిడ్డనో పదివేలమందినో కాపాడింది, ఒక మేనేజరుకి ప్రశంస తెచ్చింది, ఒక ఉద్యోగికి ఆగే అలవాటు తిరిగి ఇచ్చింది. ఇంకేం కావాలి?

మరి మిగతా ఇరవై రెండు కాగితాలూ ఏమయ్యాయంటారా? మీకెందుకండీ అంత ఆరా! వేరే బ్రాంచికి పంపిస్తున్నారు. అక్కడా మిషన్ ఉంది. పోయినసారి కప్పు వాళ్ళదే. అక్కడ ప్రూఫ్‌రీడరు చాలా చురుకైనవాడట, ఏమడిగినా ఠక్కున చెబుతాడట.

కాబట్టి ఈసారి ఇంట్లో ఎవరికైనా ఒళ్ళు వెచ్చబడి మందు డబ్బా విప్పినప్పుడు, ఆ ఎనిమిది మడతల కాగితాన్ని పారేయకండి. కళ్ళజోడు పెట్టుకుని, పైకి, చుక్కా కామాతో సహా చదవండి. పిన్నిగారి ఉద్యోగం ఖాళీగా లేదు. ఏనాడో మీకిచ్చేశారు. మీకు చెప్పడమే మరిచిపోయారు.