వగరు రకం

శనివారం పొద్దున్న రెండు పళ్ళూ కోసి రుచి చూసి, ఏ రకం మొక్క కావాలో సాయంత్రంలోగా హమీద్‌కి చెప్పేస్తే పనైపోతుందని శ్రీరామ్మూర్తి అనుకున్నాడు. అనుకోవడానికేం, పోర్టులో టాలీ క్లర్కు, లెక్క తప్పని మనిషి. ఇనుప ఖనిజం కోసం వచ్చిన జపాన్ ఓడలో వంటవాడు ఆ పళ్ళిచ్చాడు. ఒకటి టొమాటోలా చదునుగా ఉంది, ఇంకొకటి మొన తేలి ఉంది. వాడేదో చెప్పాడు గాని ఒక్క ముక్క అర్థం కాలేదు. వన్ టౌన్‌లో పళ్ళ కొట్టున్న అబ్దుల్ హమీద్ వాటిని చూసి, జపానీ పండంటారని, కాశ్మీరు ఆపిల్ లారీల్లో అంటు తెప్పిస్తానని అన్నాడు. పెందుర్తి పెరట్లో ఒక్క గొయ్యికే చోటుంది. అందుకే రకం ముందే తేల్చుకోవాలి.

కొత్త పండు ఏదొచ్చినా ఆ ఇంట్లో మొదటి ముక్క పెద్దావిడకే పెట్టాలి. పెద్దావిడంటే శ్రీరామ్మూర్తి తల్లి దేముడమ్మ. కోడలు తాయారు మొన తేలిన పండు కోసి సగం చెక్క ఆవిడ చేతిలో పెట్టింది. రెండుసార్లు నమిలిందో లేదో, దేముడమ్మ మొహం ముడుచుకుపోయింది, నాలుక అంగిటికి అంటుకుపోయింది. మాట్లాడబోతే "బ్బ బ్బ" తప్ప ఏమీ రాలేదు. బాగా మెత్తబడేదాకా ముట్టుకోకూడని వగరు రకమని చెప్పాల్సిన వంటవాడు అప్పటికి నడిసముద్రంలో ఉన్నాడు.

"అమ్మకి పచ్చవాతం కొట్టీసినాది," అని శ్రీరామ్మూర్తి కూలబడ్డాడు. పక్కింటి సన్యాసమ్మ నాడి పట్టుకుని, కష్టమని పెదవి విరిచింది. ఆవిడకి నాడి చూడటం వచ్చని అంతవరకూ ఎవరికీ తెలియదు. చదును పండు కూడా ఆ హడావిడిలో ఆవిడే తినేసి, బాగుందంది. డాక్టరు ఊళ్ళో లేడు. తమ్ముడుండే పద్మనాభం ఊరి బస్సు కండక్టరు చేత ఒంట్లో బాగులేదని కబురు పంపితే, అది ఊరు చేరేసరికి అమ్మ పోయినట్టే అయింది.

అలా వచ్చాడు తమ్ముడు వీర్రాజు. ఆరేళ్ళ కిందట కళ్ళం గట్టు తగువులో, అమ్మ పోయిన రోజున తప్ప ఈ గడప తొక్కనని ఒట్టేసి వెళ్ళిన మనిషి. తల్లి ఎన్ని కబుర్లు పెట్టినా కదలనివాడు, ఇప్పుడు పాడెకి రెండు వెదురు బొంగులు బస్సు టాపు మీద వేయించుకుని మరీ దిగాడు. రకం సంగతి కనుక్కుందామని వచ్చిన హమీద్, వాకిట్లో బొంగులు చూసి, ఏమీ అడక్కుండా పూలదండ తేవడానికి వెళ్ళిపోయాడు.

వీర్రాజు ఇంకా ఊపిరున్న తల్లి చెయ్యి పట్టుకుని, "నాను పాపిస్టోడినే అమ్మా," అని ఏడ్చాడు. శ్రీరామ్మూర్తికీ ఏడుపు ఆగలేదు. గట్టు నీదేరా అని అతనూ, కాదు నీదేనని తమ్ముడూ. తల్లి కళ్ళు మూసుకుని, నోట్లో తులసి నీళ్ళు పోసినప్పుడల్లా బుద్ధిగా మింగుతోంది. ఆవిడ నాలుక గంటలోనే స్వాధీనంలోకొచ్చిందని, చిన్నకొడుక్కి కబురెళ్ళిందని వినే నోరు మూసుకుందని శ్రీరామ్మూర్తికి తర్వాత గాని తెలియలేదు.

ఆదివారం మధ్యాహ్నమైంది. ప్రాణం పోయేలా లేదు, ఊళ్ళో కోతలు ఆగేలా లేవు. రెండు గంటల బస్సుకి వెళ్ళి పొద్దున్నే వస్తానని వీర్రాజు లేచాడు. గుమ్మం దాకా వెళ్ళాడు.

"అన్నం తినీసి ఎళ్రా సిన్నోడా," అంది దేముడమ్మ.

తాయారు చేతిలో గ్లాసు జారిపోయింది. వీర్రాజు వెనక్కి తిరిగి తల్లిని చూశాడు, తర్వాత అన్నని చూశాడు.

"నన్ను గడప తొక్కించడానికి ఇద్దరూ కలిసి నాటకమాడినారు," అన్నాడు. "అమ్మ నిజంగా పోయిన్నాడు కబురెట్టండి. అప్పుడు కూడా నాను నమ్మను."

శ్రీరామ్మూర్తి మిగిలిన చెక్క తెచ్చి చూపించాడు, కావాలంటే కొరికి చూడమని బతిమాలాడు. పండు తింటే ఎక్కడైనా మాట పోతుందా అని వీర్రాజు దాన్ని వీధిలోకి విసిరేసి, బొంగులు భుజానికెత్తుకుని బస్సెక్కేశాడు.

దేముడమ్మ గోడవైపు తిరిగి చాలాసేపు ఏడ్చింది. పొద్దుగూకాక పెద్దకొడుకుని పిలిచింది.

"ఆ వగరు రకమే ఎయ్యి," అంది. "కాసిన్నాడు మల్లీ తింతాను. నమ్మనంతాడు గానీ, ఆడొత్తాడు."

మర్నాడు శ్రీరామ్మూర్తి ఆ రకమే కావాలన్నాడు. హమీద్ కాస్త నసిగి, "లారీవోళ్ళని అడిగినాను బావా," అన్నాడు. "మన ఎండలకి ఏ రకమేసినా ఆకులే గానీ కాయ కాయదంట."

శ్రీరామ్మూర్తి మొక్క తెచ్చి నాటాడు; ఆ మాట ఇంట్లో చెప్పలేదు.