పెళ్ళాం పేరు మీద వైద్యం

మత్తికెరెలో ఆవులప్ప ఇల్లెక్కడని అడిగితే ఎవరికీ తెలియదు. నవ్వులప్ప ఇల్లెక్కడంటే మాత్రం ఇస్త్రీ బండి చిక్కమునియప్ప పెట్టె పక్కన పెట్టి, వీధి మలుపు దాకా వచ్చి చూపించి వెళతాడు. గడియారాల ఫ్యాక్టరీలో ముప్ఫై మూడేళ్ళు చేసి రిటైరైన ఈ పెద్దమనిషి కాలనీ పార్కులో ఉల్లాస నవ్వుల సంఘానికి అధ్యక్షుడు. పొద్దున్నే ఆరింటికి నలభై మందిని గుండ్రంగా నిలబెట్టి సింహం నవ్వు, మజ్జిగ చిలికే నవ్వు, ఇట్లా పదకొండు రకాల నవ్వులు నవ్విస్తాడు. ఇక ఆయన సొంత నవ్వు మొదలైందంటే గోడ మీది కాకులు పక్క కాలనీకి వెళ్ళి కూర్చునేవి.

అంతటి మనిషికి 2002 జూన్‌లో ప్రొస్టేటు ఆపరేషన్ అయింది. బ్రహ్మాండంగా జరిగిందని డాక్టరు చెప్పాడు. జరిగింది కూడా. కాకపోతే అప్పటి నుంచీ ఆవులప్ప నవ్వితే రెండు చుక్కలు జారిపోతున్నాయి. తుమ్మితే నాలుగు. సింహం నవ్వు సంగతి అడగొద్దు.

"ఆపరేషన్ తర్వాత ఇది మామూలే. మూత్రం ఆపే కండరాలు నీరసపడ్డాయి. వాటికి కసరత్తు నేర్పించే ఫిజియోథెరపిస్టు మల్లేశ్వరంలో ఉంది, పేరు ఫర్హానా, వెళ్ళండి" అని డాక్టరు చీటీ రాసిచ్చాడు. ఆవులప్ప ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి, పైన రుమాలు పెట్టి, ఆ పైన చెయ్యి పెట్టుకుని ఇంటికొచ్చాడు. ఒక ఆడపిల్ల ఎదురుగా కూర్చుని, అమ్మా, నేను నవ్వితే నాకు ఇట్లా అవుతుంది అని చెప్పడం కంటే మిగతా జీవితమంతా ఏడుస్తూ గడిపేయడం మర్యాదగా అనిపించింది.

ఏడవడానికీ వీల్లేదు. నవంబరులో సంఘం వార్షికోత్సవం ఉంది. అధ్యక్షుడు మైకు ముందు నిలబడి ఒక నిమిషం ఆపకుండా నవ్వి సభ ప్రారంభించాలి. నవ్వలేనివాడు పదవి దిగాలని నియమం. ఆ నియమం రాసింది కూడా ఆవులప్పే, కాళ్ళూ చేతులూ బాగున్న రోజుల్లో. ఉపాధ్యక్షుడు పద్మనాభం నెల్లూరాయన, బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. ఆయన నవ్వు కుక్కర్ విజిల్ లాగా ఉంటుంది. మూడేళ్ళుగా ఆ విజిల్ ఆ పదవి కోసమే కూస్తోంది.

అందుకని ఆవులప్ప ఒక పథకం వేశాడు.

"ఏమే భాగీరథీ, చేతన్ పుట్టినప్పుడు నువ్వు నాకేదో చెప్పింటివి. తుమ్మితే, దగ్గితే ఏదో అవుతాందని."

కూరగాయలు తరుగుతున్న భాగీరథమ్మ చెయ్యి ఆగిపోయింది. "చేతన్‌కు ఇప్పుడు ఇరవై ఆరేండ్లప్పా."

"అయితే ఏమి, ఇప్పుడు గ్యాపకం వచ్చింది."

"నువ్వేమన్నావో అదీ గ్యాపకం ఉండాదా?"

ఆవులప్పకు లేదు.

"ఆడోళ్ళకందరికీ ఉండేదే, దానికేల రాద్ధాంతం అంటివి."

"అప్పుడు తెలివిలేని వయసు. ఇప్పుడు మల్లేశ్వరంలో ఫిజియోథెరపీ చేసే అమ్మ ఒకతె ఉండాదంట. పోయి చూపించుకో. ఏమేమి అడుగుతాదో, ఏమేమి చేయిస్తాదో, వచ్చి నాకు ఒక్క మాట వదలకుండా చెప్పల్ల."

"అవంతా నీకేమిటికి?"

"మొగుడన్నాక బాధ్యత ఉండల్ల కదా."

భాగీరథమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. ఆమె కళ్ళు కొంచెం చెమ్మగిల్లాయి. ఆవులప్ప అది చూసి ఉల్లిపాయల వల్లేమో అనుకున్నాడు. ఆమె తరుగుతున్నది బీన్సు.

ఆగస్టు మూడో వారంలో ఆమె వెళ్ళి వచ్చింది. ఆవులప్ప గేటు దగ్గరే కాపు కాశాడు.

"ఏం చేసింది?"

"గంటసేపు మాట్లాడింది."

"మాటలేనా?"

"ఎన్నిసార్లు ఒంటికి పోతావు, ఎప్పుడెప్పుడు జారుతాది, ఎన్ని కాన్పులు, మలబద్ధకం ఉండాదా, అన్నీ అడిగింది. నా బాధ అంతసేపు విన్నోళ్ళు ఎవరూ లేరప్పా. ఆ తర్వాత తెర వేసి, ఏం చూస్తాదో ముందే చెప్పి, సరేనా అని అడిగి చూసింది. వద్దనిపిస్తే వద్దనొచ్చంట, బలవంతం లేదంట."

"చూసి?"

"అది ఆడోళ్ళ విషయం."

"మరి కసరత్తు?"

"ముందర ఈ పట్టీ నింపల్లంట." ఆమె సంచిలోంచి ఒక కాగితం తీసింది. మూడు రోజులు ఏమేం తాగారు, ఎన్నిసార్లు వెళ్ళారు, ఎంత వెళ్ళారు, ఏం చేస్తుండగా జారింది, అన్నీ గంటలతో సహా అందులో రాయాలి. అది ఇంగ్లీషులో ఉంది. భాగీరథమ్మ ముళబాగిలులో కన్నడ మీడియంలో ఏడో తరగతి.

ఆవులప్పకు లోపల దీపం వెలిగింది. "నీకెందుకే ఆ బేజారు. నువ్వు చెప్పు, నేను రాస్తా."

ఆమె మూడు రోజులూ చెప్పింది. ఆయన ఊఁ కొడుతూ మూడు రోజులూ తన లెక్కలే రాశాడు. జీవితమంతా గడియారాల్లో సెకను తేడా పట్టుకున్న మనిషి కదా, ఆ పట్టీ ఎట్లా నింపాడనుకున్నారు. కాఫీకి నిమిషాలు వేశాడు. చుక్కలు ఎంచి వేశాడు. స్నానాలగదిలో కొలగిన్నె గోడకు ఆనించి మట్టం చూశాడు. భార్య కాగితంలో తన రోగం వెళ్ళి, భార్య నోట తన వైద్యం తిరిగొస్తుందని ఆయన ఏర్పాటు. ఇంత తెలివి తనకు సర్వీసులో ఉండగా వచ్చి ఉంటే జనరల్ మేనేజర్ అయ్యేవాణ్ణని కూడా అనుకున్నాడు.

రెండోసారి వెళ్ళి వచ్చిన భాగీరథమ్మ సంచి పెట్టి, నీళ్ళు తాగి, మొగుడి వైపు కాసేపు ఊరికే చూసింది.

"పట్టీ చూసి ఏమనింది?" అన్నాడు ఆవులప్ప.

"ఇంత వివరంగా ఎవరూ రాయలేదని మెచ్చుకునింది."

ఆయన మీసం సవరించుకున్నాడు.

"రోజుకు ఎనిమిది కాఫీలంట నేను తాగేది. కాఫీ ఎక్కువైతే మూత్రపు సంచి తిక్క చేస్తాదంట. ఒకటికి తగ్గించల్లంట."

నువ్వు తాగేది రెండే కదా అనబోయి ఆవులప్ప నాలుక కరుచుకున్నాడు. "అయితే నువ్వు తగ్గించు. నాది నాకు పొయ్యి."

"నా ముందర నువ్వు తాగుతాంటే నాకు నోరూరదా? పొద్దున ఒకటి. ఆమీద ఇంట్లో డికాక్షన్ బంద్."

"ఇంకేమనింది?" అన్నాడు ఆయన నీరసంగా.

"నేను వంగి ముగ్గు వేయకూడదంట. గిన్నెలు తోమకూడదంట. మొగుడు చేయల్లంట."

"మొగుడని చెప్పిందా?"

"పేరు పెట్టి చెప్పింది."

మర్నాటి నుంచి అధ్యక్షులవారు వాకిట్లో గొంతుకూర్చుని ముగ్గు వేయడం కాలనీ అంతా చూసింది. వాకింగుకు వెళ్ళే పద్మనాభం రోజూ ఆగి, "ఆ మూల చుక్క ఒకటి తక్కువైందండీ ఆవులప్పగారూ" అని చెప్పి మరీ వెళ్ళేవాడు. వంటింట్లో గిన్నెలు తోముతూ ఆవులప్ప, ఆ ఫిజియోథెరపీ అమ్మకు మొగుళ్ళ మీద ఏదో పాత పగ ఉందని నిర్ధారణకు వచ్చాడు.

అయినా ఆయన ఓర్చుకున్నది ఒక్క దాని కోసం. కసరత్తు చేసేటప్పుడు మొగుడు పక్కన కూర్చుని లెక్కపెట్టాలట. రోజుకు మూడు పూటలు. భాగీరథమ్మ కుర్చీలో నిటారుగా కూర్చునేది. ఆవులప్ప ఎదురు కుర్చీలో కూర్చుని కళ్ళు పత్తికాయలు చేసుకుని చూసేవాడు. ఆమె ఒంట్లో ఒక్క వెంట్రుక కదిలేది కాదు.

"ఏం చేస్తాండావే?"

"బిగిస్తాండా."

"ఏది?"

"లెక్కపెట్టప్పా."

ఏది బిగించాలో తెలియని ఆవులప్ప తన దగ్గర ఉన్నవన్నీ బిగించాడు. పొట్ట, తొడలు, పిడికిళ్ళు, పళ్ళు, కాలివేళ్ళు, పిరుదులు. ఊపిరి కూడా బిగబట్టాడు. ఊపిరి బిగబట్టి లెక్కపెట్టడం ఎట్లాగో ఆయనకే తెలియాలి. పది దగ్గర ఆమె వదిలేసి హాయిగా ఉండేది. ఏం వదలాలో తెలియక ఆయన అట్లాగే బిగుసుకుపోయి ఉండేవాడు.

వారాలు గడిచాయి. భాగీరథమ్మ ఇప్పుడు తుమ్మినా గుమ్మం పట్టుకుని ఆగడం లేదు, సిటీ బస్సులో బళేపేట దాకా వెళ్ళి గాజులు బేరమాడి వస్తోంది. ఆవులప్పకు మాత్రం కుర్చీలోంచి లేచినా జారుతోంది. పార్కులో గురువనేవాడు నవ్వకూడదు, శిష్యులు సరిగ్గా నవ్వుతున్నారో లేదో చూడాలి అని ఒక సిద్ధాంతం చెప్పి చప్పట్లతోనే నెట్టుకొచ్చాడు. అంత గొప్ప నవ్వు పోయిందే అని ఆ మనిషి నిజంగానే కుమిలిపోయాడు. ఎవరికీ చెప్పుకోలేదు.

నవంబరులో ఒక శనివారం, వార్షికోత్సవం. షామియానా, మైకు, తెల్ల పైజమాలో అధ్యక్షుడు. మెడలో దండ వేశారు, భుజాన శాలువా కప్పారు. పద్మనాభం చేతిగడియారం విప్పి పట్టుకున్నాడు, నిమిషం చూడడానికి.

ఆవులప్ప మైకు పట్టుకున్నాడు. పన్నెండు వారాల సాధన అంతా కూడగట్టి బిగించాడు. పొట్ట వెన్నుకు అంటుకుంది. మోకాళ్ళు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఇక నవ్వాలి. ఊపిరి లేకుండా నవ్వెట్లా వస్తుంది? నోరు తెరుచుకుంది గాని శబ్దం రాలేదు. మొహం వంకాయ రంగుకు తిరిగింది.

శిష్యులు ఇది పన్నెండో రకం నవ్వేమో అనుకున్నారు. గురువుగారిని చూసి నలభై మందీ పొట్టలు లోపలికి లాగి, పిడికిళ్ళు బిగించి, నోళ్ళు తెరిచి నిలబడ్డారు. పార్కులో చీమ చిటుక్కుమనలేదు. ముందు వరసలో ఇద్దరు తూలారు.

"హార్ట్ ఎటాకండీ" అని అరిచాడు పద్మనాభం. నలుగురు వచ్చి అధ్యక్షుణ్ణి ఎత్తారు. ఎత్తినవాళ్ళలో ఒకడి చెయ్యి పొట్ట మీద పడింది. అంతే, పన్నెండు వారాలుగా బిగించినదంతా తెల్ల పైజమా సాక్షిగా వదులైపోయింది.

ఆడవాళ్ళ వరసలోంచి భాగీరథమ్మ తాపీగా లేచి వచ్చింది. ఆయన భుజం మీది శాలువా తీసి నడుముకు చుట్టింది. "గుండె బాగనే ఉండాది. ఒక ఆటో పిలవండప్పా" అంది. ఆటో మలుపు తిరుగుతుండగా వెనక మైకులో కుక్కర్ విజిల్ నిండా ఒక నిమిషం కూసింది.

ఆటో ఇంటి ముందు ఆగింది, పైజమా మారింది, మళ్ళీ కదిలి మల్లేశ్వరంలో ఆగింది. "నేను రోగిని కాదు" అని ఆవులప్ప మెట్ల దగ్గర ఒకసారి అన్నాడు. ఎవరూ వినలేదు.

ఫర్హానా కర్నూలు పిల్ల, ముప్ఫై ఏళ్ళుంటాయి. నవ్వుతూ లేచి నిలబడింది. "రండి అంకుల్. మూడు నెలలుగా మీకోసం వెయిట్ చేస్తున్నా." అని ఫైలులోంచి ఆ పట్టీ తీసి చదివింది. "ఉదయం ఆరూ పది, పద్మనాభం పళ్ళసెట్టు ఊడిపడితే నవ్వు ఆగలేదు, ఐదు చుక్కలు. ఏడూ ముప్ఫై రెండు, గడ్డం గీసుకుంటూ తుమ్మాను, నాలుగు చుక్కలు. అంకుల్, ఆంటీకి గడ్డం లేదని నేను ఫస్ట్ డేనే నోటీస్ చేశాను."

ఆవులప్ప తలుపు వైపు చూశాడు. తలుపుకు అడ్డంగా భాగీరథమ్మ ఉంది.

"అయితే నీకు అప్పుడే తెలుసునా?"

"తెలుసు."

"మళ్ళ చెప్పలేదేల? నాతో ముగ్గులు వేయిస్తివి, గిన్నెలు తోమిస్తివి."

"చెప్తే సిగ్గుపడి నన్నూ మాన్పించేస్తావు. నాకు పన్నెండు వారాలు పడ్తాదని ఈయమ్మ చెప్పింది. నీ అబద్ధం నడిచినన్నాళ్ళు నా వైద్యం నడుస్తాది కదా అని ఊరకుంటి. నిన్నటితో అయిపాయ. ఈ పొద్దు చెప్దామంటే నువ్వు ఐదింటికే పార్కుకు పోయింటివి."

ఆమె మాటలు అంతటితో అయిపోలేదు. ఇరవై ఆరేళ్ళవి ఉన్నాయి.

"మొదటి రోజు నా మీద ప్రేమనుకుంటినప్పా. ఆటోలో ఏడ్చినా. రెండోసారి ఈయమ్మ పట్టీ చదివి చెప్పినాక, వచ్చేటప్పుడూ ఏడ్చినా. చేతన్ పుట్టినప్పటి నుంచి నేను గట్టిగా నవ్వింది లేదు, భయం. నువ్వు ఊరందరికీ నవ్వు నేర్పిస్తివి. ఇంట్లో ఒకతె నవ్వదేల అని ఒక్కనాడన్నా అడిగింటివా?"

ఆవులప్ప చొక్కా గుండీ వైపు చూస్తూ, "తప్పయిపాయ" అన్నాడు. గుండీకి తప్ప ఎవరికీ వినపడలేదు. "గట్టిగా" అంది ఆమె. ఆయన గట్టిగా అన్నాడు. అని, తలవంచుకుని తెర వెనక్కు నడిచాడు.

"భయపడకండి అంకుల్, మీరు ఆపమంటే ఆపేస్తాను" అంది ఫర్హానా. "కూర్చునే చోట లోపల ఊయల గుడ్డలాగా కండరాలు కట్టి ఉంటాయి. నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ బయటికి రాకుండా ఆపుకుంటారే, అట్లా దాన్ని మెల్లగా పైకి లాగండి. పొట్ట వదలండి. తొడలు వదలండి. పళ్ళు కూడా వదలండి. ఊపిరి మామూలుగా తీసుకుంటూ ఉండండి. తుమ్ము వస్తోందంటే ముందే లాగి పట్టాలి. మూడు నెలలు చేయండి, చాలావరకు సర్దుకుంటుంది."

ఆవులప్ప మెల్లగా లాగాడు. లోపలెక్కడో ఏదో చిన్నగా కదిలింది. ఇన్నాళ్ళూ తను బిగించినవాటిలో అదొక్కటే లేదని తెలిసింది.

అంతలో బయటి గదిలో నవ్వు మొదలైంది. భాగీరథమ్మ అక్కడి ఆడవాళ్ళకు మజ్జిగ చిలికే నవ్వు దగ్గర నుంచి తెల్ల పైజమా దాకా ఏదీ వదలకుండా చెబుతోంది. చెబుతూ తనే నవ్వుతోంది. గొంతు విప్పి, కుర్చీ చేతులు చరుస్తూ, ఇరవై ఆరేళ్ళుగా ఆయన వినని నవ్వు. నిమిషం దాటింది. ఆగలేదు.

"అంకుల్, మళ్ళీ ఊపిరి బిగబట్టారు."

"అది నవ్వేది నా గురించేనామ్మా?"

"మీ గురించే అంకుల్. చెప్పి ఆపించనా?"

ఆవులప్ప కాసేపు చెవి ఒగ్గి విన్నాడు.

"వద్దులేమ్మా," అన్నాడు. "నవ్వుకోనీ."