మంచినీటి మంత్రిగారి ముత్యాల దండలు

ప్రభుత్వ మంచినీరు ఇకమీదట తాగడానికి మాత్రమే పరిమితం కాదని, మెడలో కూడా వేసుకోవచ్చని మంచినీటి సరఫరా శాఖ మంత్రిగారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు. చేత్తో చేసిన మంచినీటి ముత్యాల నగలను ఆదివారం తామే స్వయంగా విడుదల చేస్తామన్నారు. ఇంతటి దూరదృష్టి ఉన్న నాయకుడికి దగ్గరి చూపు కూడా ఉండాలనుకోవడం అత్యాశ. కాబట్టి కొళాయిల సంగతి విలేకరులెవరూ ఎత్తలేదు.

ఆ నగలు చేసిన మనిషికి మాత్రం ఈ కబురు టీవీ చూస్తేనే తెలిసింది.

వీధిలో అందరూ ఆమెను పూసలావిడ అంటారు. బట్టల షోరూములో నిలబడి నిలబడి కాళ్లు వాచిపోయాక ఉద్యోగం మానేసి, వంటింటి బల్ల మీద ముత్యాలు గుచ్చడం మొదలుపెట్టింది. ముత్యానికీ ముత్యానికీ మధ్య పట్టుదారంతో ముడి. ముడి వదులనిపిస్తే దండంతా విప్పి మళ్లీ మొదటికి రావడమే. ఏడాది కష్టం ట్రేల నిండా దండలై, దుద్దులై తేలింది. వాటిని ఆదివారం అమ్మకానికి పెడదామని టైలరు షాపు మీద చిన్న హాలు మాట్లాడుకుంది. వచ్చినవాళ్లకు టీ, బిస్కెట్లు అనుకుంది. అసలు ఆశంతా నగల షాపు యజమాని మీదే. వచ్చి చూస్తానని, నచ్చితే తన షాపులో ఒక అద్దాల అర ఆమెకే ఇస్తానని ఆయన మాటిచ్చాడు.

టీవీలో మంత్రిగారు ఇంకా మాట్లాడుతుండగానే మరిది గుమ్మంలోకి ఊడిపడ్డాడు. మరిది పార్టీలో వార్డు కార్యకర్త. సొంతిల్లు మరిచిపోయేంత సేవాభావం ఉన్నవాడు. భోజనానికి మాత్రం అన్న ఇల్లు గుర్తుంటుంది.

"వదినా, నీ దశ తిరిగింది. మంత్రిగారికి చెప్పేశాను."

"ఆయనది మంచినీళ్ల శాఖ కదయ్యా?"

"నీవి మంచినీటి ముత్యాలు కావా మరి?"

"సముద్రంలో కాకుండా చెరువుల్లో పెరుగుతాయని ఆ పేరు. అంతే."

"చెరువులెవరివి? మా మంత్రిగారివి."

"ఆయనవా?"

"శాఖవి. ప్రస్తుతానికి."

మంచం మీద నుంచి అత్తగారు అందుకుంది. "మన కొళాయి నెల్లాళ్లుగా దగ్గుతోందే తప్ప చుక్క రాల్చడం లేదు. ముందు దాని సంగతి చూడమనరా."

"అమ్మా, అభివృద్ధి గురించి మాట్లాడుకునేటప్పుడు నీళ్ల గొడవ తేకు."

హాలు రద్దయింది. దాని స్థానంలో మైదానం వచ్చింది. పూసలావిడ వద్దందామనుకుంది గానీ, నగల షాపు యజమాని ఫోన్ చేసి, "మంత్రిగారు వస్తున్నారటగా! నేను ముందు వరసలో కూర్చుంటానమ్మా" అనేసరికి నోరు మెదపలేకపోయింది.

శనివారం ఇంజనీరుగారు వచ్చారు. వెంట ఒక మనిషి ఆఫీసు నుంచి బకెట్టెడు నీళ్లు మోసుకొచ్చాడు. తమ శాఖ నుంచి ఏ వస్తువూ పరీక్ష కాకుండా జనంలోకి వెళ్లకూడదట.

"వీటికి క్లోరినేషన్ అయిందా?"

"ఇవి మెడలో వేసుకునేవండీ."

"చంటిపిల్లలు నోట్లో పెట్టుకుంటే? బాధ్యత ఎవరిది?"

ఆమె అడ్డుపడేలోపే బకెట్టులోని బ్లీచింగ్ పౌడరు నీళ్లలో ఒక దండ మునిగిపోయింది. ఇంజనీరుగారు పరీక్ష పూర్తిగా కానిచ్చి గానీ బయటికి తీయలేదు. తీసేసరికి దాని పాలమెరుపు పోయి, ముత్యాలు సుద్దముక్కల్లా మిగిలాయి. అత్తగారు జ్వరంతో పడుకున్న రోజుల్లో పక్కనే కూర్చుని గుచ్చిన దండ అది. ఇంజనీరుగారు మాత్రం దాన్ని వెలుతురుకెత్తి చూసి తృప్తిగా తలూపారు.

"చూశారా? మెరుపులాంటి అనవసర పదార్థాలన్నీ పోయాయి."

ఆయన రెండో దండ మీద చెయ్యి వేసేసరికి అత్తగారు లేచి నిలబడింది.

"నాయనా, బకెట్టు నిండా నీళ్లు! నిజంగా నీళ్లే! అవి ఇక్కడే వదిలేసి పోరాదూ?"

మంచినీటి శాఖ ఇంజనీరును మంచినీళ్లు అడిగిన మొదటి మనిషి ఆవిడేనేమో, ఆయన బిత్తరపోయారు. మిగతా నగలన్నీ సురక్షితమేనని చూడకుండానే సంతకం పెట్టి, బకెట్టుతో సహా వెళ్లిపోయారు.

ఆదివారం మైదానం కిటకిటలాడింది. వేదిక మీద మంత్రిగారి బొమ్మ మేడంత ఎత్తున ఉంది. బొమ్మ మెడలో ముత్యాల దండ. పూసలావిడకు వేదిక మీద కుర్చీ లేదు. ట్రేలు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడింది.

మంత్రిగారు మైకు అందుకున్నారో లేదో, వెనక నుంచి హోరు లేచింది. చుట్టుపక్కల వార్డుల ఆడవాళ్లు ఖాళీ బిందెలు మోగిస్తూ దూసుకొచ్చారు. "నీళ్లివ్వండి! నీళ్లివ్వండి!"

మంత్రిగారి పి.ఏ. మొహం పాలిపోయింది. మరిది కుర్చీ కింద చెప్పులు వెతుక్కున్నాడు. మంత్రిగారు చెక్కు చెదరలేదు.

"నా అక్కచెల్లెళ్లు మంచినీరు అడుగుతున్నారు. నేనెప్పుడైనా కాదన్నానా? ఆ ట్రేలు ఇలా తీసుకురండి!"

"అవి అమ్మకానికండీ..." అంటున్న పూసలావిడ చేతుల్లోంచి ట్రేలు వేదికెక్కిపోయాయి. మంత్రిగారు ఒక్కొక్కరినీ పిలిచి తన చేత్తో దండ వేశారు. కెమెరాలు మెరిశాయి. బిందెల మోత తగ్గింది. కాసేపటికి నినాదం మారింది.

"ఆవిడకు పెద్ద ముత్యాలిచ్చి నాకు చిన్నవేమిటి?"

"అన్యాయం! మా వార్డుకు దుద్దులే వచ్చాయి!"

ఒక ముసలావిడ మాత్రం దండను బుగ్గకు ఆనించుకుని, మెట్ల దగ్గరున్న పూసలావిడను అడిగింది. "చల్లగా, ఎంతో బాగుందమ్మాయ్. దీన్ని పిండితే ఏమైనా వస్తుందా?"

పూసలావిడ ఆవిడ మెడ వెనక కొక్కెం సరిచేసింది.

నగల షాపు యజమాని ఖాళీ ట్రేల వంక జాలిగా చూశాడు. "పనితనం అద్భుతం తల్లీ. కానీ ఊళ్లో ప్రతి మెడలోనూ ఊరికే పడ్డదాన్ని నా షాపులో ఎవరు కొంటారు?" అని కారెక్కాడు.

మర్నాడు పత్రికల్లో మొదటి పేజీ నిండా ఆడవాళ్ల నవ్వులే. "అడిగిన వెంటనే మంచినీరు" అని శీర్షిక. పూసలావిడ ఖాళీ బల్ల ముందు కూర్చుని, దారం ఉండను చుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది. షోరూము వాళ్లు మళ్లీ పనిలో పెట్టుకుంటారేమో కనుక్కుందామని చెప్పుల్లో కాళ్లు పెట్టేసరికి ఫోన్ మోగింది. మంత్రిగారి పి.ఏ.

"అమ్మా, మంత్రిగారు చాలా సంతోషించారు. పక్క నియోజకవర్గంలో మూడు నెలలుగా నీళ్లు లేవు. గొడవలవుతున్నాయి. అర్జెంటుగా అయిదు వందల దండలు కావాలి. ఈసారి శాఖే కొంటుంది."

ఆమె చెప్పుల్లోంచి కాళ్లు తీసేసింది. "అయిదు వందలా?"

"అది మొదటి విడత. ఆ తర్వాత కొండవైపు ఊళ్లున్నాయి. అక్కడ బావులు కూడా ఎండిపోయాయి. వాళ్లకు రెండు వరసల దండ వేయక తప్పదు."

అత్తగారు ఏమిటని సైగ చేసింది. పూసలావిడ చూడలేదు. ఎంతమంది మనుషుల్ని పెట్టుకోవాలో, ఎన్ని బల్లలు పడతాయో అప్పుడే లెక్కలు వేసుకుంటోంది. ఇంతలో ఒక అనుమానం వచ్చింది.

"అయ్యా, అందర్నీ పనిలో పెట్టుకున్నాక, మధ్యలో నీళ్లొచ్చేస్తే ఎలాగండీ?"

అవతల గుసగుసలు వినిపించాయి. పి.ఏ. ఎవరినో అడిగి వచ్చాడు.

"ఆ భయమేమీ పెట్టుకోకండమ్మా. మంత్రిగారు స్వయంగా హామీ ఇస్తున్నారు."