స్విచ్ లేని కారు

ఆ ఉదయం మా ఇంట్లో గొడవ మూతల దగ్గర మొదలైంది. వంటింటి అలమరలో చక్కెర, కాఫీ పొడి, ఉప్పు, మిరియాల డబ్బాలు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి. అన్నిటికీ ఒకే కొలత మూతలు. అన్నీ మాయం.

"ఏవండీ, డబ్బాల మూతలేవి?"

"మూత లేనంత మాత్రాన చక్కెర లేచి వెళ్ళిపోతుందా?" అన్నారు మా ఆయన పేపరు వెనక నుంచి.

"చక్కెర వెళ్ళదు. చీమలు వస్తాయి."

"చీమ ఎంత తింటుంది? దాని మీద కూడా లెక్కేనా?"

"మూతలు ఎక్కడున్నాయని అడిగాను. చీమ ఆకలి గురించి అడగలేదు."

పేపరు మెల్లగా కిందికి దిగింది. "చక్రాలకి తీశాను. ఎలక్ట్రిక్ కారు తయారు చేస్తున్నాను. చిన్నది, ఇంట్లోనే."

పెళ్ళయిన దగ్గర నుంచి మా ఆయన వంటింట్లోంచి తీసిన వస్తువేదైనా తిన్నదే. తినడానికి పనికిరాని వస్తువు తీయడం ఇదే మొదలు. అందులోనూ ఎలక్ట్రిక్ కారు అంటే అప్పటిదాకా మొహం తిప్పుకునే మనిషి. నాకు అనుమానం రావడంలో వింతేముంది?

అసలు సంగతి చెప్పాలి. మాకొక పాత పెట్రోలు కారు ఉంది. మా అమ్మాయి దానికి దగ్గులరాణి అని పేరు పెట్టింది. తాళం తిప్పగానే అది ముందు దగ్గుతుంది, తర్వాత ఆయాసపడుతుంది, ఆ పైన మనసుంటే కదులుతుంది. ఎడమ తలుపు లోపలి నుంచే తెరుచుకుంటుంది. రెండో గేరు పడాలంటే కొంత బతిమాలి, కొంత బెదిరించి, చివరికి మోకాలితో ఒక పోటు పొడవాలి. ఈ విద్య లోకంలో మా ఆయనకొక్కరికే తెలుసు. అందుకని మాలో ఎవరు ఎక్కడికి వెళ్ళాలన్నా ఆయనే తీసుకువెళ్ళాలి. ఆయనకి ఆదివారం తప్ప తీరిక ఉండదు. ఆదివారం వస్తే నిద్ర ఉంటుంది.

మా అత్తయ్యకి ఊరికి అవతలి చివర ఒక చెల్లెలుంది. "ఒరేయ్, దాన్ని ఒకసారి చూసి రావాలిరా" అని ఆవిడ ఎప్పుడడిగినా, "ఆదివారం చూద్దాంలే అమ్మా" అంటారు ఈయన. ఆదివారాలు వస్తున్నాయి, వెళ్తున్నాయి. వెళ్ళనిది అత్తయ్యే.

ఒకవేళ బయల్దేరినా ఆ బండిలో ఒక చట్టం అమల్లో ఉంటుంది. వెనక కూర్చున్నవాళ్ళు మాట్లాడకూడదు. మాట్లాడితే ఆయనకి గేరు కుదరదు. వెనక కూర్చునేది అత్తయ్య, నేను, అమ్మాయి. ముందు సీటులో దర్జాగా కూర్చునేది ఆయన ఆఫీసు సంచీ.

నేను కాలేజీలో చదివేటప్పుడే డ్రైవింగ్ లైసెన్సు తీసుకున్నాను. గడువు తీరినప్పుడల్లా మర్చిపోకుండా పొడిగించుకుంటూనే ఉన్నాను. అది బీరువాలో దుప్పట్ల కింద హాయిగా నిద్రపోతోంది. తాళం అడిగితే ఆయన ఒకటే మాట, "నీకు ఆ క్లచ్ లొంగదు."

కిందటి వారం అందరం భోంచేస్తుండగా నేను, "ఎలక్ట్రిక్ కారుకి క్లచ్చే ఉండదట. గేర్లు మార్చే పనీ లేదట. అది కొందాం, నేను నడుపుతాను" అన్నాను.

ఆయన చేతిలో ముద్ద నోటిదాకా వచ్చి అక్కడే నిలబడిపోయింది.

మా ఆయన బీమా ఆఫీసులో ప్రమాదాల విభాగంలో పని చేస్తారు. ఆయన దృష్టిలో బళ్ళు రెండే రకాలు: గుద్దుకున్నవి, గుద్దుకోవలసినవి. ఆ పూట మూడో రకం కూడా కనిపెట్టారు: నడిరోడ్డు మీద చార్జింగ్ అయిపోయి చతికిలబడేవి.

"నీ మంచికే చెబుతున్నాను" అన్నారు.

"నా మంచి అంతా మీరే చూసేస్తే నాకు చూడ్డానికేం మిగులుతుంది? కనీసం రోడ్డయినా చూసుకోనివ్వండి."

ఆ మాటకి సమాధానంగా పుట్టిందే ఈ మూతల కారు.

"ఆదివారం అక్కా బావా భోజనానికి వస్తున్నారు కదా. వాళ్ళ ముందే తేల్చేస్తాను" అన్నారాయన. "ఈ సోఫా దగ్గర బయల్దేరి ఆ భోజనాల బల్ల దాకా ఆగకుండా వెళ్ళిందా, దగ్గులరాణిని అమ్మేసి, కరెంటు కారు కొని, తాళం నీ చేతిలో పెడతాను. మధ్యలో ఆగిందా, మళ్ళీ ఈ ఇంట్లో ఆ మాట వినిపించకూడదు."

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ప్రతిదానికీ వాదనకి దిగుతుందని దాన్ని లాయరమ్మ అంటాం. అది ఫోను తెచ్చి, "నాన్నా, ఇందాక అన్నది ఇంకోసారి చెప్పు. రికార్డు చేస్తాను" అంది. ఆయన గొంతు సవరించుకుని మరీ చెప్పారు.

"ఈ పందెం మీది" అన్నాను నేను. "నాకు లైసెన్సు ఇచ్చింది బొమ్మ కాదు. బొమ్మ ఆగితే బొమ్మే ఆగుతుంది, నేను ఆగను."

"చూద్దాం" అన్నారు. ఆయన అలా అన్న తీరు నాకు నచ్చలేదు. ఓడిపోతానేమోనన్న బెంగ అందులో ఇసుమంతైనా లేదు.

కారు కట్టడం మొదలైంది. అబద్ధమెందుకు, బాగా కట్టారు. చెప్పుల పెట్టె అడుగు భాగం బండికి ఒళ్ళయింది. అత్తయ్య స్వెట్టర్లు అల్లే సూదులు ఇరుసులయ్యాయి. సగం అల్లిన స్వెట్టరు ఒంటి చేత్తో కుర్చీ మీద వేలాడుతూ ఉండిపోయింది. శీతల పానీయం తాగే గొట్టాలు కోసి, పెట్టె అడుగున అతికించి, సూదులు వాటిలో సులువుగా తిరిగేటట్టు చేశారు. అమ్మాయి పాత బొమ్మ ఫ్యానులోంచి మోటారు పీకి, దానికీ వెనక ఇరుసుకీ రబ్బరు బ్యాండు తగిలించారు. మూతలు జారకుండా వాటి చుట్టూ కూడా రబ్బరు బ్యాండ్లు చుట్టారు. ముందు చక్రాలు వంకర పోకుండా నా టైలరింగ్ టేపుతో కొలిచారు. ఇన్నేళ్ళుగా గోడ మీద ఒక మేకు కొట్టమంటే కొట్టని మనిషి.

ఇంత శ్రద్ధ ఎందుకో నాకు తర్వాత అర్థమైంది. బండి ఆగిపోయినప్పుడు తప్పు ఆయన చేతిది కాదు, కరెంటుది అని అందరూ అనాలి.

శనివారం సాయంత్రం లాయరమ్మ కారుని తిరగేసి, మరగేసి చూసింది. "నాన్నా, స్విచ్ ఏది?"

"స్విచ్ ఎందుకు? రెండు వైర్లూ మెలేస్తే బయల్దేరుతుంది."

"మరి ఆపడానికి?"

"అదే ఆగుతుంది."

అని నాలుక కరుచుకున్నారు. వెంటనే "అంటే, గోడ తగిలి ఆగుతుంది అని" అన్నారు. గోడ సంగతి అలా ఉంచి, నాకు కిటికీ గుర్తొచ్చింది.

మా అత్తయ్య దేన్నీ పారేయదు. చచ్చిపోయిన బ్యాటరీ సెల్స్ అయితే అసలే పారేయదు. కిటికీ గట్టు మీద ఎండలో వరసగా పేరుస్తుంది. ఎండ తగిలితే వాటికి కొంచెం ప్రాణం వస్తుందని ఆవిడ నమ్మకం. నిజంగానే ఒక్కొక్కటి లేచి, టీవీ రిమోటులో ఒక పూట పనిచేసి, మళ్ళీ కన్ను మూస్తుంది. వెళ్ళి చూస్తే గట్టు మీద వరస మధ్యలో నాలుగు పళ్ళు ఊడినట్టు ఖాళీ. ఆ నాలుగూ మా ఆయన కారులో, చక్కగా నల్ల టేపు కింద పడుకుని ఉన్నాయి.

అత్తయ్య అక్కడే కూర్చుని ఒంటి చేతి స్వెట్టరు సర్దుకుంటోంది. "చూశారా అత్తయ్యా, మీ అబ్బాయి పని? గదిలో సగం కూడా దాటదది. దాటకూడదనే కట్టారు."

ఆవిడ గట్టు వైపు చూసింది, కారు వైపు చూసింది. "వాడు చిన్నప్పుడూ అంతే. ఓడిపోయే ఆటైతే బంతి దాచేసేవాడు" అని ఊరుకుంది.

సెల్స్ మార్చేద్దామా అనుకున్నాను. మార్చలేదు. దొంగ పందేన్ని నేను సరిచేస్తే పందేన్ని ఒప్పుకున్నట్టే కదా. నేను నడపాలా వద్దా అన్నది చెప్పుల పెట్టె తేల్చే విషయమా? నేరుగా షోరూముకి ఫోను చేసి, ఆదివారం సాయంత్రం కారు నడిపి చూడటానికి నా పేరు రాయించుకున్నాను. లైసెన్సుని దుప్పట్ల కింద నుంచి లేపి పర్సులో పెట్టుకున్నాను.

ఆదివారం పొద్దున రోజూలా అత్తయ్యకి బీపీ మిషన్ తీసుకెళ్ళి ఇచ్చాను. "ఇవాళ వద్దులే, ఒంట్లో బాగానే ఉంది" అంది. దొంగచాటుగా పండు తిన్న పిల్లలా మూతి తుడుచుకుంది కూడా. నేను పట్టించుకోలేదు.

వాళ్ళ అక్కనీ బావనీ తీసుకురావడానికి బయల్దేరిన మా ఆయన పావుగంటలో షెడ్డు దగ్గర నుంచే కాలినడకన తిరిగొచ్చారు. దగ్గులరాణి దగ్గింది, ఆయాసపడింది, అంతటితో సరిపెట్టుకుంది. మా వదినా అన్నయ్యగారూ బస్సెక్కి వచ్చారు.

అన్నయ్యగారు పెట్రోలు బంకు మేనేజరు. మా ఆయన ఆయన్నే న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు. అంతకంటే నమ్మకమైన సాక్షి ఎక్కడ దొరుకుతాడు?

"బావా, నాలుగు సెల్స్ పెట్టాను. లోభించానని నన్నెవరూ అనకూడదు. చక్రాలు చూడు, గాలికి తిరుగుతున్నాయి. ఇక కరెంటు సత్తా ఏపాటిదో నీ కళ్ళతో నువ్వే చూడు" అని ఉపన్యాసం ఇచ్చి, సోఫా పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. రెండు వైర్లూ కలిపి గట్టిగా మెలేసి, ఊడకుండా టేపు కూడా చుట్టారు. నవ్వుతూ చేతులు తీశారు.

కారు గుయ్యిమంది. అంతే, చేతికి దొరకలేదు.

సోఫా దాటింది. గదిలో సగం దాటింది. మా ఆయన నవ్వు ఇంకా మొహం మీదే ఉంది; దించుకోవడానికి తీరిక చిక్కలేదు. కారు బల్ల కాలికి ఢీకొని, వెనక్కి తిరిగి, అన్నయ్యగారి కాళ్ళ మీదికి వచ్చింది. ఆయన రెండు కాళ్ళూ కుర్చీ మీదికి ఎత్తేసుకున్నారు.

"ఆపరా దాన్ని" అంది మా వదిన.

"ఎలా ఆపనే అక్కా, స్విచ్ లేదు."

"స్విచ్ లేని కారు ఏమిట్రా?"

"అదే ఆగుతుందన్నాడు నాన్న" అంది లాయరమ్మ, ఫోనులో వీడియో తీస్తూ.

కారు కుర్చీ మీంచి వేలాడుతున్న స్వెట్టరు ఊలు అందుకుని, వీధి గుమ్మం వైపు తిరిగింది. మా ఆయన దాని వెనక పరుగెత్తారు. ఊలు ఆయన కాళ్ళకి చుట్టుకుంది. స్వెట్టరు ఊడుతూ వెళ్ళింది, ఊలు తెగింది, కారు గడప మీంచి ఎగిరి వరండాలోకి, అక్కడి నుంచి వాలు మీదుగా కారు షెడ్డులోకి దిగి, దగ్గులరాణి కడుపు కిందికి దూరింది.

మేమంతా వరండాలో నిలబడ్డాం. మా ఆయన కుంటుకుంటూ వెళ్ళి పాత కారు కింద బోర్లా పడుకుని పాకారు. కాసేపు రెండు కాళ్ళే కనిపించాయి. కింద నుంచి గుయ్యిమనే చప్పుడు ఆగలేదు. బయటికి వచ్చేసరికి తెల్ల చొక్కా మీద దగ్గులరాణి కార్చిన నూనె. చేతిలో చిన్న కారు. నా మూతలు ఇంకా గిర్రున తిరుగుతూనే ఉన్నాయి.

అన్నయ్యగారు రెండు బళ్ళనీ మార్చి మార్చి చూశారు. "పెట్రోలు అమ్ముకుని బతికేవాణ్ణి, చెప్పకూడదు గానీ బావమరిదీ, పొద్దున్నుంచి ఈ షెడ్డులో కదిలిన బండి ఇదొక్కటే" అన్నారు.

మా ఆయన నావైపు చూసిన చూపులో ఒక్కటే ప్రశ్న. నాకూ అదే ప్రశ్న. నేను తల అడ్డంగా ఊపాను.

చొక్కా మార్చుకొచ్చి అందరితో పాటు భోజనానికి కూర్చున్నారు. ఎవరూ ఏమీ అనకపోవడం ఆయన్ని ఎక్కువ బాధపెట్టినట్టుంది. "నేను పెట్టిన సెల్స్‌కి అంత బలం లేదు" అనేశారు ఉండబట్టలేక.

"లేదని నీకెలా తెలుసు?" అంది లాయరమ్మ.

ఆయన మంచినీళ్ళు తాగారు.

"నేనే మార్చానురా" అంది అత్తయ్య, వడ్డించిన కూర కలుపుకుంటూ. "నా బీపీ మిషన్‌లోవి. మొన్ననే వేసిన కొత్తవి."

"అమ్మా, నువ్వా? నీ బీపీ ఎలా చూసుకుంటావు?"

"నా బీపీ నీ ఆదివారాల కోసం ఎదురుచూడటంతో వచ్చిందే. ఇక చూసుకోనక్కర్లేదు."

లాయరమ్మ ఫోను బల్ల మీద పెట్టి రికార్డు వినిపించింది. "దగ్గులరాణిని అమ్మేసి, కరెంటు కారు కొని, తాళం నీ చేతిలో పెడతాను." గొంతు సవరించుకున్న చప్పుడు కూడా స్పష్టంగా వినిపించింది.

"అది ఆపవే" అన్నాను. "ఆ పందెంతో నాకు పని లేదు. కారు ఆగినా ఈ మాట చెప్పేదాన్నే, ఆగలేదు కాబట్టీ చెబుతున్నాను. సాయంత్రం అందరం షోరూముకి వెళ్తున్నాం. నా పేరు నిన్ననే రాయించాను. కారు నేను నడిపి చూస్తాను. నచ్చితే కొంటాం, నేనే నడుపుతాను. మొదటి ప్రయాణం అత్తయ్య చెల్లెలింటికి."

అన్నయ్యగారు "మాకు మళ్ళీ బస్సెక్కే బాధ తప్పుతుంది, మమ్మల్ని కూడా దారిలో దింపుతారేమో" అని గొణిగారు.

మా ఆయన కాసేపు అన్నం కెలికి, "మరి నేనెక్కడ కూర్చోవాలి?" అన్నారు.

"ముందు సీటు నాది" అంది అత్తయ్య. "నువ్వు వెనక. నీ ఆఫీసు సంచీ ఒళ్ళో పెట్టుకో."

ఆయన నావైపు తిరిగారు. "అది కాదు, ఆ మలుపు దగ్గర నువ్వు..."

"నాన్నా" అంది లాయరమ్మ, "వెనక కూర్చున్నవాళ్ళు మాట్లాడకూడదు."

ఆయన నోరు తెరిచారు. మా ముగ్గురి మొహాలూ చూశారు. మూశారు. ఆ వారమంతటిలో మా ఇంట్లో సరిగ్గా పడిన మూత అదొక్కటే.