పన్నెండు సెకన్ల మనిషి

"సమాజంలో సామరస్యాన్ని పెంచే మహత్తర బాధ్యతను నేటి నుంచి వారం రోజులపాటు మా చానెల్ తన భుజాల మీద వేసుకుంటోంది" అని వార్తా చానెల్ ప్రధాన సంపాదకుడు తెర మీద ప్రకటించినప్పుడు, ఆ భుజాల్లో కుడిది అరంగుళం పల్లంగా ఉందని గమనించినవాడు దర్జీ ఒక్కడే. ఆ కోటు కుట్టింది అతనే. సంపాదకుడి భుజం పుట్టుకతోనే అంత. లోపల దూది పెట్టి ఆ సంగతి ఇన్నేళ్లుగా లోకానికి తెలియకుండా కాపాడుతున్నాడు. ఇప్పుడు దూది నలిగినట్టుంది.

ప్రకటన ముగియగానే సంపాదకుడి వెనక ఒక దృశ్యం వచ్చింది. మసీదులోంచి గడ్డం మనిషి ఒకడు టోపీతో బయటికొస్తాడు. భుజాన సంచి. రెండడుగులు వేసి, చటుక్కున ఆగి, కళ్లు చిట్లించి వెనక్కి చూస్తాడు. మొత్తం పన్నెండు సెకన్లు. ఆ మనిషి కూడా ఈ దర్జీయే.

నాలుగేళ్ల కిందట మసీదుకూ దర్జీ దుకాణానికీ మధ్య రోడ్డులో పడ్డ గుంట మీద వార్త చేయడానికి కెమెరామన్ వచ్చాడు. సరిగ్గా ఆ గుంటలోనే దర్జీ చెప్పు తెగింది. వెనక్కి చూసింది ఆ చెప్పుకోసం. సంచిలో ఉన్నవి పొడుగు తగ్గించిన మూడు ప్యాంట్లు. గుంట వార్త ప్రసారం కాలేదు. దర్జీ మాత్రం అప్పటినుంచీ ప్రసారమవుతూనే ఉన్నాడు. సముద్రాల అవతల బాంబు పేలితే వచ్చాడు. బంగారం దొంగరవాణాలో వచ్చాడు. జ్వరాలు ప్రబలినప్పుడు వచ్చాడు. జనాభా పెరిగిపోతోందన్న రోజున, పిల్లల్లేని దర్జీ, గంటలో నాలుగుసార్లు వచ్చాడు.

మొదట్లో వీధివాళ్లు టీవీలో బాగా పడ్డావని మెచ్చుకునేవారు. తర్వాత మెచ్చుకోవడం మానేశారు. ఆ తర్వాత, కుట్టడానికిచ్చిన గుడ్డను కుట్టకముందే పట్టుకుపోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు మిగిలింది బడిపిల్లల యూనిఫాం ఆర్డరొక్కటే. అదీ పోతే మిషను మీద దుప్పటి కప్పేయాల్సిందే.

బడి పెద్దటీచరమ్మ సంస్కారవంతురాలు. "మాకేం అనుమానం లేదండీ. తల్లిదండ్రులకుంది. వాళ్లకూ లేదట, పక్కింటివాళ్లకుందట. ఆ బొమ్మ రాకుండా చేసుకోండి, సోమవారం కొలతలకు రండి" అంది.

అందుకని దర్జీ చానెల్ ఆఫీసుకు వెళ్లాడు. నిన్ను ఎక్కడో చూశానని గుమ్మంలోనే వాచ్‌మన్ అడ్డం పడ్డాడు. మీ టీవీలోనేనని దర్జీ ఒప్పుకోవడంతో అతని సంచి మూడుసార్లు వెతికారు. సుద్దముక్క, టేపు దొరికాయి. టేపు పొడుగెంతో రాసుకుని లోపలికి వదిలారు.

సంపాదకుడు ఎదురొచ్చి కౌగిలించుకున్నాడు. అలవాటు కొద్దీ దర్జీ ఆయన కుడిభుజం తడిమి చూశాడు. విషయం విని సంపాదకుడు చలించిపోయి, స్వయంగా పాత దృశ్యాలు దాచే గదికి తీసుకెళ్లాడు. అక్కడి గుమాస్తా కంప్యూటరు తిప్పి పద్ధతి వివరించాడు. ఒక్కో మాటకు ఒక్కో దృశ్యం. 'వాన' అని కొడితే గొడుగామె. 'రైతు' అని కొడితే ఆకాశం వైపు చూసే ముసలాయన. 'ముస్లిం' అని కొడితే దర్జీ.

"ఆ రైతు పోయి మూడేళ్లయింది. పాపం, ఇంకా చూస్తూనే ఉన్నాడు" అన్నాడు గుమాస్తా. "మీదీ తీసేస్తే గడి ఖాళీ అవుతుంది. ఖాళీ ఉంటే సిస్టం ఒప్పుకోదు."

సామరస్య వారం కనక సంపాదకుడు ఉదారంగా ఇంకో దృశ్యం తీయించాడు. మిషను దగ్గర దర్జీ నవ్వుతూ ఉండాలి. తొమ్మిదిసార్లు తీశారు.

"కాస్త తగ్గించండి. ఎక్కువ నవ్వితే ఏదో దాస్తున్నట్టుంది" అన్నాడు కెమెరామన్. తగ్గించాడు. "ఇప్పుడేదో ఆలోచిస్తున్నట్టుంది."

"ఆలోచించకుండా ఎలా ఉంటాం బాబూ?"

"మా యాంకర్‌ని చూస్తూ ఉండండి."

గురువారం కార్యక్రమానికి 'ఇలాంటివాళ్లు కూడా ఉన్నారు' అని పేరు పెట్టారు. దాని వెంటనే 'ఇలాంటివాళ్లు ఎంతమంది?' అని చర్చ. నలుగురు మేధావులు నాలుగు పెద్ద గళ్లలో కూర్చున్నారు. దర్జీకి మూలన చిన్న గడి ఇచ్చారు. నలభై నిమిషాలకు అతని వంతు వచ్చింది.

"మీరు ఖండిస్తున్నారా, లేదా?" అన్నాడు యాంకర్.

"దేన్ని సార్?"

"అది తర్వాత చెబుతాం. ముందు ఖండించండి."

పెద్దటీచరమ్మ చూస్తూ ఉంటుందని గుర్తొచ్చి దర్జీ ఖండించాడు. వెంటనే కింద ఎర్రపట్టీ పరిగెత్తింది: 'ఎట్టకేలకు ఖండించిన దర్జీ. ఇన్నాళ్లూ మౌనమెందుకు?'

శనివారం మధ్యాహ్నం ఎవరో దుకాణం మీద రాళ్లేశారు. అద్దం పగిలింది, మిషను పక్కకు ఒరిగింది. చానెల్ పావుగంటలో స్పందించింది. మంచి దర్జీ దుకాణంపై దాడి అని యాంకర్ ఆక్రోశించాడు. వార్తలో ముస్లిం అన్న మాట ఉంది కనక కంప్యూటరు తన ధర్మం తాను నిర్వర్తించింది. నవ్వే దర్జీ పక్కనే, మసీదులోంచి వచ్చి వెనక్కి చూసే మనిషి పన్నెండు సెకన్లు కనిపించాడు.

జనం మండిపడ్డారు. నాలుగేళ్లుగా దుకాణం మెట్లెక్కనివాళ్లు కూడా వచ్చి గాజుపెంకులు ఏరారు. అంత మంచివాడి మీద రాళ్లేయడానికి, టీవీలో వెనక్కి చూసిన ఆ దుర్మార్గుడికి చేతులెలా వచ్చాయని బాధపడ్డారు. ఆదివారం పెద్దటీచరమ్మ ఫోను చేసి కన్నీళ్లు పెట్టుకుంది. యూనిఫాం ఆర్డరు మీదేనంది. కాకపోతే ఆ మనిషి దొరికేదాకా, కుట్టినవి తొడిగి చూసుకోడానికి పిల్లల్ని ఆ వీధికి ఎలా పంపుతామంది.

సోమవారం పొద్దున్నే ఇన్‌స్పెక్టర్ ఆ దృశ్యంలోంచి తీసిన ఫొటో పట్టుకొచ్చాడు.

"వీణ్ణెప్పుడైనా చూశారా దర్జీ గారూ?"

"అది నేనే సార్."

ఇన్‌స్పెక్టర్ అభిమానంగా నవ్వాడు. "మీ మంచితనం మీతో అలా అనిపిస్తోంది. గురువారం మిమ్మల్ని టీవీలో చూశాను కదా. మీరు వేరు, వీడు వేరు. చూపు చూడండి ఎలా ఉందో."

దర్జీ ఫొటో కేసి చాలాసేపు చూశాడు. నాలుగేళ్లుగా చూసి చూసి, ఆ చూపు అతనికీ కొంచెం భయంగానే ఉంది.

"వీడు దొరికితే కేసు మూసేస్తారా?"

"ఆ క్షణమే."

దర్జీ లోపలికెళ్లి టోపీ పెట్టుకున్నాడు, భుజాన సంచి వేసుకున్నాడు. టేపూ సుద్దముక్కా తీసి భార్య చేతికిచ్చాడు.

"పదింటికి బడికెళ్లి కొలతలు తీసుకో. పిల్లలు ఎదుగుతారు, రెండంగుళాలు మడతలో వదులు."

"మీరెక్కడికండీ?"

"అతను దొరికాడని చెప్పడానికి."

బయటికి రాగానే ఇన్‌స్పెక్టర్ ఫొటో చూశాడు, మనిషిని చూశాడు, గభాలున చెయ్యి పట్టుకున్నాడు. అప్పటికే కెమెరామన్ రోడ్డు మధ్య సిద్ధంగా ఉన్నాడు. రెండడుగులు వేశాక దర్జీ చటుక్కున ఆగి, కళ్లు చిట్లించి వెనక్కి చూశాడు.

"అద్భుతం. మళ్లీ ఒక్కసారి అలాగే చూడండి" అన్నాడు కెమెరామన్.

"ఉండు బాబూ" అని, దర్జీ ఆ పాత గుంటలోకి వంగి తెగిన చెప్పు తీసుకున్నాడు.