ఊరంతటికీ తెలిసిన రహస్యం

"న్యాయస్థానం పవిత్రమైనది! దాని చెవిన ఊరి మాట పడరాదు!" అని జడ్జి హాథర్‌సేజ్ గారు సెలవిచ్చి, ఊళ్లో అందరినీ వదిలేసి నా ఒక్కడి నోరు కుట్టేశారు. మా థార్న్‌బెక్ వారపత్రికకు ఉన్న విలేకరిని నేనొక్కణ్ణే మరి!

కేసు సామాన్యమైనది కాదు. గుమ్మడికాయల పోటీకి ముందురోజు ఒకాయన షెడ్డు, మొదటి బహుమతి కొట్టబోయే కాయతో సహా తగలబడింది. ముద్దాయిలు ప్రూయిట్ అన్నదమ్ములు. ముందు అన్న నెవిల్ విచారణ జరిగింది. మొదట బుకాయించి, చివరికి బోనులో భోరుమన్నాడు.

"నేనొక్కణ్ణే అంటించానండీ! మా డెస్మండ్‌కి ఏ పాపమూ తెలీదు!"

వెంటనే ఆర్డరు వచ్చింది. తమ్ముడి విచారణ ముగిసేదాకా ఇందులో ఒక్క ముక్క అచ్చు కాకూడదు. తమ్ముడికి అన్యాయం జరక్కూడదట!

నేను ఆఫీసుకు వెళ్లాను. కోర్టులో కూర్చున్న ఊరు పబ్బుకు వెళ్లింది. సాయంత్రానికి పబ్బు యజమానురాలు బెరిల్ బీరు పోస్తూ తీర్పు చెప్పేస్తోంది.

"అగ్గిపుల్ల గీసింది తమ్ముడేనట! పాపం, నెవిల్ మీదేసుకున్నాడు."

"కాదు బెరిల్, నేను చెవులారా విన్నాను."

"అయితే పేపర్లో ఏదయ్యా?"

బీరు డబ్బులు బల్లమీద పెట్టి బయటపడ్డాను.

డెస్మండ్ విచారణకు జూరీని ఎంచే రోజు రానే వచ్చింది. "ఈ కేసు గురించి ఎవరైనా విన్నారా?" అన్నారు జడ్జిగారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారంటారు. మావాళ్లు అంత అమాయకులా? అందరూ పైకప్పు చూశారు. చర్చిలో పాడే మిస్ థ్వైట్ ఒక్కతే చెయ్యెత్తింది.

"పబ్బులో మొత్తం విన్నానండీ."

ఆవిడకు కృతజ్ఞతలు చెప్పి ఇంటికి పంపేశారు. మిగిలినవాళ్లు నిజం తేలుస్తామని ప్రమాణం చేశారు. ఆ జూరీకి పెద్ద ఎవరనుకున్నారు, బెరిల్!

నెవిల్‌ను జైలునుంచి తెచ్చి సాక్షిగా నిలబెడితే మళ్లీ అదే మాట చెప్పాడు. అయినా జూరీ దోషి అని తేల్చడంతో డెస్మండ్‌కు రెండేళ్ల జైలు పడింది. అతని భార్య అక్కడే కూలబడింది.

ఆర్డరు తొలగిందిగా, ఆ వారమే నెవిల్ మాటలతో సహా మొత్తం అచ్చువేశాను. బెరిల్ పత్రిక పట్టుకుని ఊగిపోతూ వచ్చింది. జూరీ గది మాట బయట పెట్టడం నేరం కనుక గొంతు తగ్గించి తిట్టింది.

"ఇది ముందే వేసి చావొచ్చుగా! పాపం, వదిలేసేవాళ్లం!"

"నెవిల్ మీ ఎదుటే చెప్పాడుగా బెరిల్?"

"చెప్పాడులే! పేపర్లో రాందే ఎలా నమ్ముతామయ్యా?"